ముందు అతని కథ పూర్తి చెయ్యాలి



ఈ వరుసలో ఇప్పటిదాకా నవలలు, పాటలు, సినిమాల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి ఒక వీడియో గేమ్‌లోని పాత్ర గురించి. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసిన మనిషికి గేములతో పనేంటని అడిగేవాళ్లుంటారు. మన పిల్లలు చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దంతా పాలిటీ, ఎకానమీ చదివి, రాత్రి అశోక్‌నగర్ గదికి పోయి పడుకునే ముందు గంటసేపు ఏ కథలో బతుకుతున్నారో తెలుసుకోకుండా వాళ్లకు కథాసాహిత్యం పాఠం చెప్పడం నాకు చేతకాదు. నవల చదివేటప్పుడు పాత్ర పక్కన నడుస్తాం. గేమ్‌లో పాత్ర ఒంట్లో దూరి నడుస్తాం. అందుకే ఎవరి ఒంట్లో దూరనిస్తున్నారు, ఎవరి ఒంట్లో దూరనివ్వడం లేదు అనేది చూడాల్సిన సంగతి.

ఒక రూల్‌తో మొదలుపెడతాను. జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 2009 మార్చిలో 'రెసిడెంట్ ఈవిల్ 5' అనే గేమ్ విడుదల చేసింది. అందులో మొదటి నుంచి చివరిదాకా ఇద్దరు కలిసి నడుస్తారు. ఒకరు క్రిస్ రెడ్‌ఫీల్డ్, అమెరికా తెల్లవాడు. ఇంకొకరు షెవా అలోమార్, ఆఫ్రికా నల్ల అమ్మాయి. మీరు ఒక్కరే ఆడితే మొదటిసారి క్రిస్‌గానే ఆడాలి. షెవాను కంప్యూటర్ నడిపిస్తుంది. షెవాగా ఆడాలని మీకు ఉందా? ముందు క్రిస్‌గా గేమ్ మొత్తం పూర్తి చెయ్యాలి. ఆ తర్వాతే ఆమెను ఎంచుకునే వీలు తెరుచుకుంటుంది.

కథ జరిగేది ఆఫ్రికాలో. చస్తున్నది ఆఫ్రికా జనం. ఆ మట్టిలో పుట్టి పెరిగినది ఆమె. అయినా అతని కథ ముగిసేదాకా ఆమె కాళ్లతో ఆ నేల మీద ఒక్క అడుగు వేయడానికి వీల్లేదు.

గేములు ఆడని మిత్రుల కోసం కొంచెం చెప్పాలి. సర్వైవల్ హారర్ అంటే భయపెట్టే ఆటల్లో ఒక రకం. చేతిలో తూటాలు తక్కువ, మందులు తక్కువ, శత్రువులు ఎక్కువ. గెలవడం సంగతి తర్వాత, ముందు ప్రాణంతో బయటపడాలి. రెసిడెంట్ ఈవిల్ సిరీస్ 1996లో మొదలైంది. అంబ్రెల్లా అనే మందుల కంపెనీ చాటుగా వైరస్ ఆయుధాలు తయారుచేస్తుంది. ఆ వైరస్ బయటపడి మనుషులు జాంబీలవుతారు. ఐదో గేమ్ నాటికి ఆ కంపెనీ కూలిపోయింది కానీ దాని సరుకు దొంగ బజారులో తిరుగుతోంది. అలాంటి సరుకు అమ్మే ఒకడిని పట్టుకోవడానికి బీఎస్‌ఏఏ అనే సంస్థ తరఫున క్రిస్ ఆఫ్రికాలోని కిజూజు అనే కల్పిత ప్రాంతానికి వస్తాడు. అదే సంస్థ పశ్చిమ ఆఫ్రికా శాఖలో పనిచేసే షెవా అతనికి ఎదురొచ్చి తోడవుతుంది.

ఎందుకు తోడు? కారణం మొదట్లోనే తెలిసిపోతుంది. పరాయి అమెరికన్‌ను చూస్తే ఊరి జనం నమ్మరు. ఆమె పక్కన ఉంటే కాస్త కుదుటపడతారు. గమనించండి. ఆమె తుపాకీ బాగా కాల్చగలదు, శిక్షణ పొందిన ఏజెంటు. కానీ ఆమెను జత చేసిన మొదటి కారణం ఆమె రంగు, ఆమె ముఖం. పోరాటం వాళ్లది, ప్లాను వాళ్లది, ముఖం మనది. ఎన్నికలప్పుడు మన వాడల్లోకి వచ్చే పెద్దమనుషులు పక్కన ఒక మన పిల్లను ఎందుకు నడిపించుకుంటారో తెలిసినవాళ్లకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు.

గేమ్ బయట కూడా ఒక చరిత్ర ఉంది. 2007లో మొదటి ట్రైలర్ వచ్చినప్పుడు అందులో షెవా లేదు. ఒక తెల్లవాడు ఒంటరిగా ఆఫ్రికా ఊళ్లోకి వచ్చి, మీదపడుతున్న నల్ల జనాన్ని కాలుస్తున్నాడు. దాని మీద గట్టి విమర్శ వచ్చింది. న్యూస్‌వీక్‌లో గేముల గురించి రాసే ఎన్‌గై క్రోల్ అనే నల్ల జర్నలిస్టు, ఆ దృశ్యాల వెనక పాత జాత్యహంకార బొమ్మల చరిత్ర ఉందని, దాన్ని తెలియనట్టు నటించలేమని వాదించాడు. 2008లో వచ్చిన ట్రైలర్‌లో షెవా కనిపించింది. విమర్శ వల్లే ఆమెను చేర్చారని నేను అనడం లేదు. తెల్ల హీరో పక్కన నల్ల పార్ట్‌నర్ నిలబడగానే చూసేవాళ్ల చూపు మారుతుందని మాత్రం అంటున్నాను. అవే ఊళ్లు, అవే శవాలు. ఇప్పుడు కాల్చేవాళ్లలో ఒకరు నల్లవాళ్లు. ఇంకేం అడుగుతావు?

అసలు జాంబీ అనే భయం ఎక్కడ పుట్టిందో తెలిస్తే ఇది ఇంకా లోతుగా గుచ్చుకుంటుంది. ఇప్పుడు హైతీ అని పిలిచే దేశం ఒకప్పుడు ఫ్రెంచివాళ్ల చెరుకు తోటల వలస. ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు ఆ తోటల్లో పని చేసి చేసి చచ్చిపోయేవాళ్లు. చావు వాళ్లకు ఒక రకంగా విడుదల. చచ్చాక కూడా లేపి, మాట లేకుండా, మనసు లేకుండా తోటలో పని చేయిస్తే? ఆ భయం పేరే జాంబీ. దాని మొదటి రూపంలో అది మనిషిని కరిచి తినే దయ్యం కాదు. ఎప్పటికీ విడుదల లేని వెట్టివాడు. ఆ బానిసలే 1791లో తిరగబడి 1804లో స్వతంత్ర దేశం తెచ్చుకున్నారు. తర్వాత అమెరికా సినిమా ఆ జాంబీని తీసుకుని, బానిస భయాన్ని తీసేసి, తెల్ల ఇంటి తలుపు కొట్టే గుంపుగా మార్చింది. 1968లో జార్జ్ రొమెరో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'లో డ్వేన్ జోన్స్ అనే నల్ల నటుడు ప్రధాన పాత్ర వేశాడు. ఆ పాత్ర రాత్రంతా జాంబీలతో పోరాడి బతుకుతుంది. తెల్లారాక కాపాడటానికి వచ్చిన తెల్లవాళ్ల గుంపే అతన్ని జాంబీ అనుకుని కాల్చేస్తుంది. ఆ ముగింపు వచ్చిన నలభై ఏళ్లకు ఈ గేమ్ వచ్చింది. బానిస కన్న పీడకలను తిప్పి బానిస వారసుల మీదికే గురిపెట్టింది.

ఇప్పుడు ఆటలోకి పోదాం. షెవా ఏం పనులు చేస్తుందో ఒక్కొక్కటీ చూడండి.

ఇద్దరికీ చెరో సంచి ఉంటుంది. ఒక్కో సంచిలో తొమ్మిది గళ్లు. ఒంటరిగా ఆడే ఆటగాడికి షెవా సంచి రెండో గోదాం. తనకు పట్టనివన్నీ ఆమెకు అంటగట్టి, కావాల్సినప్పుడు తీసుకుంటాడు. గోడ ఎక్కాలన్నా, ఈ మిద్దె నుంచి ఆ మిద్దెకు పోవాలన్నా క్రిస్ చేతులు జోడించి ఆమెను అవతలికి ఎగరేస్తాడు. అవతల ఆమె ఒంటరిగా శత్రువుల మధ్య పడి, కొట్లాడి, తలుపు తీస్తుంది. అతను ఇవతలి నుంచి రైఫిల్‌తో కాపు కాస్తాడు. ఒక గని ఉంటుంది. చిమ్మచీకటి. ఒకరు దీపం పట్టుకోవాలి, ఇంకొకరు కాల్చాలి. దీపం పట్టినవాళ్ల చేతిలో తుపాకీ ఉండదు.

సంచి మోయడం, ముందు పోయి దారి చూడటం, దీపం పట్టడం. నిజాం కాలపు తెలంగాణలో వెట్టి గురించి చదివిన పిల్లలకు ఈ జాబితా ఎక్కడిదో వెంటనే గుర్తుకొస్తుంది. దొర బండి ముందు పరుగెత్తిందెవరు? మూటలు ఊరు నుంచి ఊరికి మోసిందెవరు? రాత్రి పూట దివిటీ పట్టిందెవరు? జపాన్‌లో కూర్చుని గేమ్ తయారుచేసినవాళ్లకు వెట్టి సంగతి తెలియదు. తెలియకుండానే అవే పనులు అదే మనిషికి వచ్చి చేరాయి. లోకంలో పెత్తనం ఉన్నచోటల్లా తోడు అనే మాటకు అర్థం ఒకే రకంగా తయారవుతుందేమో.

ఇంకొకటి. ఈ గేమ్ ఆడినవాళ్లను అడగండి, షెవా మీద ఎక్కువమంది చెప్పే ఫిర్యాదు ఒకటే. "దానికి తెలివి లేదు. తూటాలు వృథా చేస్తది. చిన్న గీత పడ్డా మందు వాడేస్తది." ఒంటరిగా ఆడే మనిషి ఆమెకు ఇవ్వగలిగిన ఆజ్ఞలు ముఖ్యంగా రెండు: దాడి చెయ్యి, కాపు కాయి. అంతకు మించి ఆలోచించే మెదడును తయారుచేసినవాళ్లే ఆమెకు పెట్టలేదు. ఆమె తెలివి ప్రోగ్రామర్లు రాసినంతే. పెట్టని తెలివికి తిట్లు మాత్రం ఆమెకు. బడి సరిగా లేని ఊరి నుంచి వచ్చి, ఇంట్లో పుస్తకం లేకుండా చదివి, ఇక్కడి కోచింగ్ సెంటర్లో చివరి బెంచీలో కూర్చున్న పిల్లను చూసి మెరిట్ లేదనే మాట మీరు వినే ఉంటారు. మెరిట్ వాదం మొత్తం ఈ గేమ్‌లో ఇమిడి ఉంది. తక్కువ ఇచ్చినవాడు కనపడడు, తక్కువ వచ్చినవాడే కనపడతాడు.

ఇదంతా నాకు బాగా విప్పి చెప్పింది మా కాలేజీ పిల్ల. నేను పాఠం చెప్పేది బషీర్‌బాగ్ దగ్గరి ఒక కాలేజీలో. ఆ అమ్మాయిది మధిర వైపు, నారాయణగూడలో హాస్టల్. వాళ్ల అన్న అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదువుతున్నాడు. ఆదివారం ఆదివారం ఇద్దరూ నారాయణగూడ సందులోని గేమింగ్ పార్లర్‌కు పోతారు. గంట లెక్కన డబ్బులు కట్టి స్క్రీన్‌ను రెండు ముక్కలు చేసుకుని ఈ గేమ్ ఆడతారు. ఒకసారి నన్నూ రమ్మంటే పోయి వెనక స్టూల్ మీద కూర్చున్నాను.

ఒకటో కంట్రోలర్ అన్నది. అంటే క్రిస్. రెండోది చెల్లెది. అంటే షెవా. ఎప్పుడూ అంతేనట.

"డబ్బులు నేను కడుతున్న గదా," అన్నాడు అన్న, నవ్వుతూ.

చెల్లె స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండానే అంది: "చూడండి మేడం. అన్నకు దారి నేనే చూపిస్తా. అవతలికి దూకి తలుపు నేనే తీస్తా. అన్న పడిపోతే లేపేది నేనే. వీడియో వచ్చినప్పుడు మాత్రం స్క్రీన్ నిండా మొఖం ఆయనదే."

"ఆ రూల్ నేను పెట్టిన్నా? గేమ్ల ఉంది."

"ఉంటే ఉంది. నువ్వు ఇప్పటిదాకా మార్చుకుందామని అడిగినవా?"

"ముందు పూర్తి చేద్దాం. తర్వాత నువ్వు తీసుకో."

"తర్వాత అంటే మళ్లీ మొదటి నుంచి ఆడాల. అప్పటికి నీకు నోటిఫికేషన్ వస్తది, నాకు పెళ్లి సంబంధం వస్తది."

పార్లర్‌లో పక్క సీట్ల పిల్లలు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ మాటలో ఉన్న లెక్క నవ్వులాటది కాదు. కులం దగ్గర అన్న రెండో కంట్రోలర్ మనిషే. కోచింగ్‌లో, ఇంటర్వ్యూ బోర్డు ముందు, అద్దె గది అడిగేటప్పుడు అతనికి ఆ సంగతి బాగా తెలుసు. ఇంటికొచ్చి చెల్లె ముందు కూర్చున్నప్పుడు ఒకటో కంట్రోలర్ తన చేతికి దానంతటదే వచ్చినట్టు ఉంటుంది. "ముందు ఇది పూర్తి కానీ" అనే మాటను దళిత స్త్రీలు రెండు వైపుల నుంచీ విన్నారు. ముందు స్త్రీ సమస్య తేలనివ్వండి, తర్వాత కులం అని ఒకరు. ముందు కులం సంగతి తేలనివ్వండి, తర్వాత ఆడవాళ్ల సంగతి అని ఇంకొకరు. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు' దళిత స్త్రీల సాహిత్యాన్ని 1921 నుంచి ఏరి ఒకచోట పెట్టింది. ఎనభై ఏళ్ల రాతలు ఒక పుస్తకంగా చేతికి రావడానికి 2003 దాకా ఆగాల్సి వచ్చింది. రాసినవాళ్లు లేకనా? తర్వాత, తర్వాత అంటూ వాయిదా పడటం వల్ల.

షెవా గతం గురించి చెప్పాలి. ఆమె తల్లిదండ్రులు అంబ్రెల్లా కంపెనీ నడిపిన ఫ్యాక్టరీలో పనివాళ్లు. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఆ కంపెనీ చేసిన పనికి చచ్చిపోయారు. మేనమామో చిన్నాయనో, ఒక బంధువు ఇంట్లో చేరింది. ఆ ఇంట్లో తిండికే కరువు. పారిపోయి గెరిల్లాల్లో కలిసింది. తర్వాత అమెరికా వెళ్లి చదువుకుని, బీఎస్‌ఏఏలో చేరింది. అంటే ఈ కథలో ఆ కంపెనీ మీద అందరికంటే పెద్ద లెక్క తేల్చుకోవాల్సిన మనిషి ఆమె. తల్లీ తండ్రీ పోయింది ఆమెకు.

మరి ఈ గతం మనకు ఎలా తెలుస్తుంది? ఒక ఫైలులో. మెనూలోకి పోయి, వెతికి, తెరిచి చదువుకోవాలి. క్రిస్ గతం మాత్రం దృశ్యాలుగా వస్తుంది. అతని పాత పార్ట్‌నర్ జిల్ వాలెంటైన్ కిటికీలోంచి పడిపోయిన రాత్రి మన కళ్ల ముందు జరుగుతుంది, సంగీతంతో, వర్షంతో. అతని బాధకు సినిమా. ఆమె బాధకు ఫైలు. నేను సాహిత్యం పాఠంలో ఎన్నో మాటల్లో చెప్పే సంగతిని ఈ గేమ్ ఇంత తేటగా చూపించింది: ఎవరి జ్ఞాపకం దృశ్యమవుతుందో వాళ్లు ప్రధాన పాత్ర. ఎవరి జ్ఞాపకం కాగితంలో ఉండిపోతుందో వాళ్లు ఉపపాత్ర.

కాగితం అంటే మనకు ఇంకో సంగతి గుర్తు రావాలి. గేమ్‌లోని చిత్తడి నేలల్లో ఒక పల్లె యువకుడి డైరీ దొరుకుతుంది. కంపెనీవాళ్లు ఊళ్లోకి వచ్చి జబ్బు రాకుండా సూది వేస్తామన్నారని, ఆ తర్వాత ఊరి మగవాళ్లు మనుషులుగా లేకుండా పోయారని అందులో ఉంటుంది. ఈ గేమ్ వచ్చిన 2009లోనే, జూలైలో, మన ఉమ్మడి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు మొదలైంది. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపాయి. భద్రాచలం వైపు ఆశ్రమ పాఠశాలల ఆదివాసీ పిల్లలు, దళిత పిల్లలు అందులో ఉన్నారు. ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. హెచ్‌పీవీ టీకా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే మంచి టీకా. మన ఆడపిల్లలకు అది కావాలి. అప్పట్లో జరిగిన కొందరు పిల్లల మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ చెప్పింది. గేమ్‌లోలాగా ఎవరూ వైరస్ ఎక్కించలేదు. తప్పు వేరేచోట ఉంది. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశాక బయటపడిన లెక్క ఇది: చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు. 1,948 మీద ఉన్నవి వేలిముద్రలు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

పిల్ల ఒళ్లు పిల్లదే. సంతకం వార్డెన్‌ది. ఆ తల్లిదండ్రులు ఫోన్ చేస్తే అందనంత దూరంలో ఉన్నారని కాదు, వాళ్లను అడగాలని ఎవరికీ తోచలేదు. కంట్రోలర్ ఎవరి చేతిలో ఉంది అని నేను అడుగుతున్నది ఆట ముచ్చట కాదని అందుకే అంటున్నాను.

షెవా బట్టల గురించి కూడా చెప్పాలి, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా. గేమ్‌లో అదనపు వేషాలుంటాయి. క్రిస్‌కు ఒక వేషం పేరు 'సఫారీ'. షెవాకు ఒక వేషం పేరు 'ట్రైబల్'. ఒంటికి రంగు గీతలు, చిరుతపులి మచ్చల గుడ్డముక్కలు. ఇంతసేపూ యూనిఫాంలాంటి బట్టలేసుకుని, బూట్లేసుకుని, ఆయుధం పట్టి నడిచిన ఏజెంటు అది. ఆ వేషం ఊరికే రాదు. గేమ్ అంతటా దాచిన 30 చిహ్నాలనూ వెతికి కాల్చినవాళ్లకే వస్తుంది. అంటే అందరికంటే ఎక్కువ కష్టపడి ఆడినవాడికి కంపెనీ ఇచ్చే బహుమానం ఆమె బట్టలు తగ్గించడం. అతనికి వేటగాడి బట్టలు, ఆమెకు వేటాడబడేదాని చర్మం. మన ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లలో కోయపిల్ల పాట, లంబాడిపిల్ల పాట వచ్చినప్పుడు పడిన ఈలలు విన్నవాళ్లం కాబట్టి జపాన్‌ను మాత్రమే తిట్టి ఊరుకోలేం.

నా పీహెచ్‌డీ తెలుగు నవలల్లో దళిత పాత్రల మీద. కాబట్టి షెవాను చూస్తే నాకు సంగదాసు గుర్తొస్తాడు. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' 1922 నాటిది. ఒక మాల కుటుంబాన్ని నవల నడిమధ్యన పెట్టడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. ప్రభుత్వం నిషేధించేంత ధైర్యం ఆ పుస్తకానిది. దాన్ని తక్కువ చేసే పని నేను చెయ్యను. కానీ సంగదాసు ఏమవుతాడు? చౌదరయ్య దెబ్బకు చచ్చిపోతాడు. అతని పేరు మీద సంగపీఠం వెలుస్తుంది. చనిపోయి ఇతరుల మనసులు మార్చడం అతని వంతు. ఆ తర్వాత సంస్కరణ కాలపు కథల్లో ఇదే నమూనా ఎన్నిసార్లు వచ్చిందో. దళితుడు మంచివాడు, ఓర్పుగలవాడు, చచ్చిపోతాడు. మారేది, ఎదిగేది, పశ్చాత్తాపపడేది పక్కవాడు. షెవా చావదు, అది నిజం. కానీ కథ చివరికి మారినవాడు క్రిస్. పోరాటానికి విలువ ఉందా లేదా అనే ప్రశ్నకు జవాబు దొరికేది క్రిస్‌కు. షెవాకు ఆ ప్రశ్న వేసే తీరికే ఇవ్వలేదు.

దీనికి మన సాహిత్యం ఇచ్చిన జవాబు ఏమిటంటే, జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం'. 2000లో వచ్చింది. అందులో కథ మొత్తం రూతు అనే ముసలమ్మ యాదిలోంచి నడుస్తుంది. ఎల్లన్న పాట, సుభద్ర బతుకు, కరువు, వలస, చర్చి, అన్నీ ఆమె గుర్తు చేసుకుంటేనే మనకు కనపడతాయి. ఆ నవలలో దళితులు ఎక్కువమంది ఉన్నారా తక్కువమంది ఉన్నారా అని ఎవరూ లెక్కపెట్టరు. ఎందుకంటే జ్ఞాపకం తాళంచెవి రూతు చేతిలో ఉంది. మన నవల, మన కవిత్వం ఎనభైల నుంచి, తొంభైల నుంచి చేసిన పెద్ద పని అదే. ఫైలును తెరిచి దృశ్యంగా మార్చింది.

ఇక్కడ విద్యార్థి సంఘాల మిత్రులతో ఒక మాట. మనలో చాలామంది ఇంకా 'మనవాళ్లు ఉన్నారా లేరా' అనే ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నాం. సినిమాలో మనపాత్ర ఉందా, కమిటీలో మన మనిషి ఉన్నాడా, వేదిక మీద మన కుర్చీ ఉందా. ఆ ప్రశ్న అవసరం. ముందు తరం దానికోసం నెత్తురు ధారపోసింది. కానీ షెవా ఉంది కదా! స్క్రీన్ మీద దాదాపు ప్రతి నిమిషం ఉంది. కవర్ మీద ఉంది. కారెన్ డయర్ అనే నల్ల నటి ఆమెకు గొంతు, కదలిక రెండూ ఇచ్చి ప్రాణం పోసింది. అంతా ఉన్నాక కూడా, ఆటగాడు మొదటి రౌండ్ పూర్తి చేసి ఎట్టకేలకు ఆమెను ఎంచుకున్నాక ఏం జరుగుతుందో తెలుసా? కథ ఒక్క ముక్క కూడా మారదు. అవే వీడియోలు, అదే జిల్ జ్ఞాపకం, అదే క్రిస్ కోపం. ఆమె కాళ్లతో నడుస్తూ అతని కథే మళ్లీ చూస్తాం. కుర్చీ దొరకడం ఒకటి, ఎజెండా రాయడం ఇంకొకటి అని నేను ఏప్రిల్ 14 సభల్లో చెప్పడానికి ప్రయత్నించి సగంలో వదిలేసే మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

గేమ్ వచ్చిన మరుసటి ఏడాది, 2010లో, దానికి రెండు అదనపు కథలు విడుదల చేశారు. ఒకటి క్రిస్, జిల్ పాత రోజుల కథ. ఇంకొకటి జిల్ తప్పించుకున్న కథ. షెవా చిన్నతనం, ఆ ఫ్యాక్టరీ, ఆ గెరిల్లా రోజులు, అన్నీ సిద్ధంగా ఉన్నా వాటి మీద అదనపు కథ రాలేదు. 2012లో ఆరో గేమ్ వచ్చింది. అందులో క్రిస్ ఉన్నాడు. కొత్త పార్ట్‌నర్ ఉన్నాడు. షెవా లేదు. ఆమె చనిపోలేదు, రాజీనామా చేసిందని కూడా కథ చెప్పలేదు. అవసరం తీరింది, అంతే. వెతికి చూస్తే మన ఉద్యమాల చరిత్రలో కూడా ఇలా చప్పుడు లేకుండా తర్వాతి భాగంలో కనపడకుండా పోయిన ఆడవాళ్లు ఎంతమంది!

ఇంత చెప్పాక, ఆ గేమ్ ఆడొద్దు అంటానని అనుకుంటున్నారేమో. అనను. పార్లర్‌లో ఆ మధిర పిల్ల షెవాను ఎంత ఇష్టంగా నడిపించిందో చూశాను. దూకేటప్పుడు తన ఒళ్లు కూడా కుర్చీలోంచి ఒక జానెడు లేచింది. స్క్రీన్ మీద తన రంగు మనిషి కత్తి పట్టుకుని నిలబడితే ఆ వయసు పిల్లకు ఏం కలుగుతుందో సిద్ధాంతంతో కొట్టేసేది కాదు. ఆ ఇష్టం మన ఆస్తి. దాన్ని ఇంకో అడుగు ముందుకు వేయించాలి.

ఆ అడుగుకు దారి ఆ గేమ్‌లోనే ఉంది. ఇంతసేపు చెప్పని రూల్ ఒకటి మిగిలింది. క్రిస్ చస్తే గేమ్ ఓవర్. షెవా చచ్చినా గేమ్ ఓవర్. ఆమెను శత్రువుల మధ్య వదిలేసి అతనొక్కడే పరుగెత్తి గెలవడానికి వీల్లేదు. ఆమె నేల మీద పడితే అతను వెనక్కి వచ్చి లేపి తీరాలి. కథ రాసినవాళ్లు ఆమెను పక్కన నిలబెట్టారు. ఆట నియమం రాసినవాళ్లకు మాత్రం నిజం ఒప్పుకోక తప్పలేదు. ఆమె లేకుండా ఒక్క తలుపు తెరుచుకోదు, గనిలో ఒక్క అడుగు కనపడదు.

మనం చేసే పనికి, మనకు దొరికే కథకు మధ్య తేడా కూడా సరిగ్గా ఇంతే. పొలంలో, మురికి కాల్వలో, గనిలో, హాస్టల్ వంటింట్లో మన చేయి ఆగితే ఈ దేశం ఆట ఆ క్షణమే ఆగుతుంది. ఆ రూల్ అందరికీ తెలుసు. కథ చెప్పేటప్పుడు మాత్రం మరిచిపోతారు.

కాబట్టి కంప్యూటర్ సైన్స్ చదువుతున్న పిల్లలకు ప్రత్యేకంగా ఒక విన్నపం. మీలో కొందరు గేములు తయారుచేసే ఉద్యోగాలకు పోతున్నారు. మన నేలలో భయపెట్టే కథలకు కొదవలేదు. గడీలున్నాయి, ఊరి చివరి బావులున్నాయి, రాత్రి దివిటీ పట్టుకుని దొర ముందు నడిచిన మనిషి ఉన్నాడు. ఆ మనిషికి దయ్యం కంటే వెనక నడిచేవాడంటేనే ఎక్కువ భయం. ఆ భయాన్ని అతని ఒంట్లోంచి ఆడించండి. మొదటి రౌండ్ నుంచే, ఎవరి కథా ముందు పూర్తి చేసే పని లేకుండా.

ఇక ఆ అన్నాచెల్లెళ్ల సంగతి. పోయిన వారం ఆ అమ్మాయి క్లాసు అయ్యాక చెప్పింది. కిందటి ఆదివారం గంట డబ్బులు తను కట్టిందట. ఒకటో కంట్రోలర్ తీసుకుందట. వాళ్లన్న రెండోది పట్టుకుని పది నిమిషాలు ఆడి, "ఇందులో సంచి మోసుడు తప్ప ఏం లేదు గదనే," అన్నాడట.

"మరి నువ్వేమన్నావమ్మా?" అని అడిగాను.

"ఇన్ని రోజులు మోసింది నేనే గదా మేడం, నాకు తెలియదా అన్నా."

జై భీమ్.